గంట నాలుక

"దీన్ని చేసింది మీరేనాండి?"

1989 వేసవిలో, రాజోలు కాలువ గట్టున మా కొలిమి ముందు సైకిలు ఆపి సుందరి నన్నడిగిన మొదటి మాట అది. ఆమె చేతిలో పేపరు చుట్టిన రెండు ఇనుప ముక్కలున్నాయి. మా ప్రార్థన మందిరం గంట నాలుక, లోపల వేలాడుతూ గంటని కొట్టే కడ్డీ. నేను చేసి ఇచ్చి మూడు నెలలు కాలేదు, ఆదివారం గంట కొడుతుంటే విరిగి పడింది.

"ఆయ్. ఇనుము పాతదండి," అన్నాను.

"పాపం, ఇనుము ఎదురు చెప్పదు కదండి."

ఆమె మా సంఘ పెద్ద సత్యానందం మాస్టారి కూతురు. వాల్తేరులో లోహాల మీద రీసెర్చి చేస్తోంది. నాది పదో తరగతి చదువు. భూతద్దం నా చేతికిచ్చి చూడమంది. విరిగిన చోట ఉప్పుగల్లులా మెరుస్తూ పెద్ద పెద్ద రేణువులు.

"ఎక్కువ కాల్చేరు. లోపల రేణువులు పెరిగిపోయేయి. అవి చిన్నగా ఉంటేనే బలం."

"చిన్నవాటికి బలమేంటండి?"

ఆమె కాలువ అవతలి పొలాలు చూపించింది. "చేలో నీళ్ళు వదిలితే ఎక్కడ ఆగుతాయండి?"

"గట్టు దగ్గర."

"చిన్న చిన్న మడులైతే?"

"అడుగడుక్కీ గట్టేనండి."

"ఇనుములోనూ అంతే. దెబ్బ తగిలితే రేణువు లోపల జారుడు మొదలవుతుంది. పక్క రేణువు హద్దు దగ్గర ఆగుతుంది. హద్దులెక్కువైతే బలమెక్కువ."

కోపం రావాల్సింది. రాలేదు. మర్నాడు ఆమె వచ్చేసరికి ఒక ప్రశ్న దాచి ఉంచాను.

"రేణువుల్ని ఇంకా ఇంకా చిన్నవి చేసుకుంటూ పోతే, బలం పెరుగుతూనే ఉంటుందాండి?"

ఆమె నవ్వబోయి ఆగింది. "మా గైడు గారూ ఇదే అడిగేరండి. మామూలు మైక్రోస్కోపుకి అందనంత చిన్న రేణువులతో ఇప్పుడు లోహాలు చేస్తున్నారు. మరీ చిన్నవైపోతే బలం తగ్గుతోందని ఈమధ్యే ఎవరో రాసేరు. ఎందుకో ఇంకా తేలలేదు."

"అంతా గట్లే అయిపోతే మడేదండి? గట్లే జారతాయేమో."

ఆమె భూతద్దం పక్కన పెట్టింది. "పదో తరగతితో ఎందుకు ఆపేసేరు?"

"నాన్న పోయేరండి."

ఆ తర్వాత రోజూ వచ్చింది. కడ్డీలు కాల్చి, విరిచి, భూతద్దంతో చూసేవాళ్ళం. ఆమె మాటల్లోనే తెలిసింది, ఆదివారం మండపేట నుంచి తనని చూసుకోవడానికి వస్తున్నారని. అబ్బాయి లెక్చరరట. అదే ఆదివారానికి కొత్త నాలుక కట్టాలి.

శనివారం దాన్ని కొలిమిలో పెట్టాను. సుందరి తిత్తి పక్కన నిలబడి, మసి అంటిన చేత్తో నుదురు తుడుచుకుని, ఆ మసి తనకే కనబడక నవ్వుతోంది. నేను చూసుకునేసరికి ఇనుము ఎరుపు దాటి పసుపు తిరిగిపోయింది. గబగబా తీసి సాగగొట్టాను. చల్లారాక నున్నగా, అందంగా ఉంది. లోపలి సంగతి దేవుడికీ నాకూ తెలుసు.

సాయంత్రం సుందరి ఇంకా అక్కడ ఉండగానే మాస్టారే వచ్చారు. "బాగుంది నతానియేలూ. కట్టేద్దామా?"

ఊరుకుంటే నా పేరు నిలుస్తుంది. కానీ ఇనుమంతసేపు కాలడానికి కారణమైన మాట కూడా లోపలే ఉండిపోతుంది.

"కట్టొద్దండి. ఇదీ విరుగుతుంది. ఎక్కువ కాలిపోయింది."

"పదేళ్ళుగా ఈ పని చేస్తున్నవాడివి. ఎలా కాలిపోయింది?"

"సుందరి గారు నవ్వుతున్నారండి. అటు చూస్తూ ఉండిపోయేను."

మాస్టారు కళ్ళజోడు తీసి కూతురి వైపు చూశారు. ఆమె ఇనుము వైపు చూసింది.

"చెడిపోలేదు నాన్నగారండి. మళ్ళీ సరిగ్గా కాచి గాలికి చల్లారనిస్తే రేణువులు చిన్నవవుతాయి." తర్వాత నాతో మెల్లగా అంది. "ఈసారి నేను అటు తిరిగి నిలబడతాలెండి."

"మండపేట వాళ్ళకి ఏం చెప్పమంటావమ్మా?"

"రావద్దనండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే పోస్టాఫీసు మూసేలోగా టెలిగ్రాం ఇవ్వాలి," అని కూతురి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

తర్వాత మూడు ఆదివారాలు మందిరంలో పాస్టరు అయ్యగారు మా ఇద్దరి పేర్లు చదివి, ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలన్నారు. ఎవరూ చెప్పలేదు. పాత ముక్కలు ఇప్పటికీ మా ఇంట్లో ఆవిడ థీసిస్ మీద బరువుగా ఉన్నాయి. ఆదివారం గంట మోగగానే ఆవిడ తల కొంచెం వంచి వింటుంది. నేను ఆవిణ్ణి చూస్తాను. ఇప్పుడు కాలిపోయేదేమీ లేదు.