గ్రాన్మాన్ మాటకు ఊఁ కొట్టినవాడు

పరమారిబో రేవు బజారులో, మంగళవారం పట్టపగలు, అందరూ చూస్తుండగానే తాతా జింబాను చంపారు. చూసినవాళ్లలో ఒక్కరికీ అది హత్య అని తెలియలేదు.

కర్రపెండలం రొట్టె, ఎండుచేప ముందు పెట్టుకుని కూర్చున్న ఆ ముసలాయనకు తెల్లటోపీ విదేశీయుడొకడు వినయంగా చేయి అందించాడు. కరచాలనం రెండు క్షణాలకు మించలేదు. వాడి ఉంగరంలోంచి పొడుచుకువచ్చిన సూది వెంట్రుక కన్నా సన్నం. మూడో ముద్ద నోట పెట్టుకోకముందే జింబా పక్కకు ఒరిగిపోయాడు. గుండెపోటని పోలీసులు రాసుకున్నారు.

మర్నాడు ఉదయం గడియారాల దుకాణం వెనకగదిలో డైరెక్టర్ రామ్‌ధనీ డాక్టరు రిపోర్టును బల్లమీద పడేశాడు. ఆ గూఢచారి ఆఫీసుకు బోర్డు లేదు. ఎదుట నిలబడిన ఏజెంట్ అఫీబాకు ప్రభుత్వ జాబితాల్లో పేరు లేదు.

“విషం. విదేశీ సరుకు. ఇంతకీ ఈ ముసలాడి ఉద్యోగమేంటి?”

“ఊఁ కొట్టడం సార్.”

“ఏంటీ?”

“మా రాజుగారు మాట్లాడేటప్పుడు ప్రతి మాటకీ ఊఁ అనడం. ఇరవయ్యారేళ్లుగా అదే పని.”

“ఇంట్లో నేనూ ముప్పయ్యేళ్లుగా ఆ ఉద్యోగమే చేస్తున్నా. నన్ను చంపడానికి ఎవడూ ఇంత ఖరీదైన విషం కొనలేదు.”

అఫీబా నవ్వలేదు. జింబా ఆమెను చిన్నప్పుడు భుజాలమీద మోసినవాడు.

“మా మేనమామ పోయి ఎనిమిది రోజులైంది సార్. ఆయన మనసులో మాట తెలిసిన సాక్షి జింబా తాత ఒక్కడే. సాక్షి లేకుండా చేశారు.”

ఆమె మేనమామ గ్రాన్మాన్ అసెన్సీ. తోటల్లో బానిసత్వాన్ని తెంచుకుని అడవిలోకి పోయి, తెల్లదొరల చేత సంధి రాయించుకున్న జనానికి రాజు. రాజును వాళ్లు గ్రాన్మాన్ అంటారు. ఆ జనంలో పీఠం కొడుక్కి పోదు. రాజు అక్కచెల్లెళ్ల కడుపున పుట్టినవాడికే పోతుంది. ఆ వరసన వారసుడు అఫీబా తమ్ముడు తండో. బాక్సైటు ఖనిజం కోసం తిరుగుతున్న ఒక విదేశీ ముఠాకు ఆ వరస నచ్చలేదు. పూర్వీకుల సమాధులున్న ఎర్రకొండను తవ్వాలంటే ఒప్పందం మీద గ్రాన్మాన్ వేలిముద్ర కావాలి. తండో వేయడు. ఆరేళ్ల వయసు నుంచి నగరంలో పెరిగి, ఆ ముఠా కంపెనీలోనే గుమాస్తాగా కుదురుకున్న రాజుగారి కొడుకు ఎడ్విన్ వేస్తాడు.

“ఎల్లుండి మధ్యాహ్నం మీ పెద్దల సభ,” అన్నాడు రామ్‌ధనీ. “ఎడ్విన్ అక్కడ ఒక టేపు వినిపిస్తాడు. మీ మామ గొంతే. నా తర్వాత నా కొడుకు, అంటుందట.”

“అబద్ధం.”

“అబద్ధమైతే చెరిపెయ్.” ఆయన ఒక లావుపాటి ఇత్తడి కడియం తోశాడు. “లోపల అయస్కాంతం ఉంది. టేపుమీద మూడుసార్లు తిప్పితే చాలు. అక్కడ మన మనిషి లియొనోరా. ముఠాకు పనిచేస్తున్నట్టు నటిస్తోంది.”

“నటిస్తోందని మనకెవరు చెప్పారు సార్?”

“ఆవిడే.”

నగరంలో బట్టలమ్ముకుంటోందనే ఊళ్లోవాళ్లకు తెలిసిన అఫీబా గురువారం బట్టల మూటతో సొంతూళ్లో మోటారు పడవ దిగింది. రేవులో ఎర్ర స్కార్ఫు, నల్లకళ్లద్దాలతో లియొనోరా ఎదురైంది. జానపద కథలు సేకరించే పండితురాలిగా రెండేళ్లు ఆ ఊళ్లో ఉండి, గ్రాన్మాన్ మాట్లాడిన ప్రతిచోటా రికార్డరు పెట్టిన మనిషి. వృద్ధులు ఆమెను కూతురా అని పిలిచేవారు.

“నీటి లోతెంత?” అని గుర్తుమాట అడిగింది అఫీబా, గుడ్డ విప్పి చూపుతూ.

“తెడ్డు మునిగేంత.” లియొనోరా గుడ్డను వేళ్ల మధ్య నలిపింది. “గూఢచారులకి ఎప్పుడూ ఇలాంటి నాసిరకం గుడ్డలే ఇస్తారెందుకమ్మా? రంగు పోతుంది చూడు.”

బేరమాడుతూనే, ఎడ్విన్ టేపు ఇదేనంటూ మూటలోకి ఒకటి జార్చింది. అఫీబా గుడిసె తలుపు మూసి కడియాన్ని దానిమీద మూడుసార్లు కాదు, ముప్పైసార్లు తిప్పింది. ట్రాన్స్‌మిటర్‌లో మూడే మాటలు పంపింది: పని పూర్తయింది సార్.

శుక్రవారం మధ్యాహ్నం, ఇంకా పాతిపెట్టని శవపేటిక ఎదుట కెప్టెన్లని పిలిచే ఎనిమిది పల్లెల పెద్దలు బారుగా కూర్చున్నారు. అందరిలో పెద్దవాడు అగోసు అధికారదండం పట్టుకుని లేచాడు. పక్కన ఊఁ కొట్టడానికి ఒక నడివయసు మనిషి నిలబడ్డాడు.

“పెద్దలారా, పెద్దదిక్కు పోయింది.”

“ఊఁ, పోయింది!”

“పీఠం ఖాళీగా ఉండకూడదు.”

“ఊఁ, కూడదు!”

అప్పుడు ఎడ్విన్ సూటు సవరించుకుంటూ ముందుకొచ్చాడు. లియొనోరా అతని వెనక రికార్డరు పెట్టి, అందులో టేపు బిగించింది. తాను చెరిపింది ఏదో పనికిరాని టేపని అఫీబాకు అప్పుడు అర్థమైంది. లియొనోరా ఆమె వైపు చూసి కళ్లద్దాలు సవరించుకుంది.

రికార్డరులోంచి అసెన్సీ గొంతు వచ్చింది. బొంగురు గొంతు, నిజమైన గొంతు. “నా తర్వాత నా కొడుకు ఎడ్విన్ కూర్చుంటాడు ఎర్రకొండ సంగతి వాడు చూసుకుంటాడు ఇది నా మాట.”

ముసలివాళ్లు ఏడ్చారు. తండో తల దించుకున్నాడు.

“అక్కా, మామే అన్నాక ఇంకేముంది?”

“నోర్ముయ్. చూడనీ.”

అగోసు దండాన్ని ఎడ్విన్ వైపు చాచాడు. అఫీబా చూపు మాత్రం ఊఁ కొట్టే మనిషి మీద ఉంది. టేపు నడిచినంతసేపు అలవాటుగా అతని నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. ఒక్క ఊఁ కూడా బయటికి రాలేదు. సందు దొరకలేదు.

ఎడ్విన్ వేళ్లు దండానికి తగలబోతున్నాయి.

“పెద్దయ్యా, ఆగు!” అఫీబా సభ మధ్యకు వచ్చి నిలబడింది. “ఇంకొక్కసారి వేయించు. ఈసారి అందరం ఊఁ కొడదాం. రాజు మాట కదా, మర్యాదుండాలి.”

“అవసరం లేదు,” అన్నాడు ఎడ్విన్.

“తండ్రి మాట రెండోసారి వినడానికి అడ్డేంటి నాయనా?” అన్నాడు అగోసు.

టేపు మళ్లీ తిరిగింది. నా తర్వాత, అనగానే సభంతా ఊఁ అంది. ఆ ఊఁ మీదుగా గొంతు తొక్కుకుంటూ పోయింది. రెండో ఊఁ సగంలో తెగింది. మూడోది ఎవరూ అనలేదు. గ్రాన్మాన్ ఎవరికోసమూ ఆగడం లేదు. ఇరవయ్యారేళ్లు మాట మాటకూ ఆగి, తోటిమనిషి ఊఁ అన్నాకే తర్వాతి మాట ఎత్తిన రాజు, తన పీఠాన్ని ధారపోసేటప్పుడు ఎవరినీ పక్కన పెట్టుకోలేదట.

“దీనికి ఊఁ కొట్టిందెవరు?” అన్నాడు అగోసు.

“ఒంటరిగా చెప్పారు,” అన్నాడు ఎడ్విన్.

వెనక నుంచి ఒక ముసలమ్మ ఫక్కున నవ్వింది. “ఒంటరిగానా! ఒళ్లునొప్పులని నాతో కషాయం అడగడానిక్కూడా జింబాను వెంటబెట్టుకొచ్చేవాడురా మీ నాన్న!”

ఊఁ పడని మాట ఆ జనంలో మాట కాదు. అగోసు దండాన్ని ఎడ్విన్ వేళ్ల ముందునుంచి వెనక్కి తీసుకుని తండో చేతిలో పెట్టాడు.

లియొనోరా పడవ చేరేలోగా తెడ్లు పట్టిన మనుషులు అడ్డంగా నిలబడ్డారు. ఆమె పరుగెత్తలేదు. ఒక పెట్టెమీద కూర్చుని సిగరెట్ వెలిగించింది.

“యాభై టేపులు కత్తిరించి అతికించాను అఫీబా. ప్రతి మాట పక్కనా ఆ ముసలాడి ఊఁ. రొద అనుకుని తీసిపారేశాను.”

“టేపులోంచి తీశారు సరే. మనిషిని కూడా ఎందుకు తీశారు?”

లియొనోరా సిగరెట్ బూడిద నీళ్లలోకి రాల్చింది.

పదకొండు రోజుల తర్వాత అఫీబా గడియారాల దుకాణం వెనకగదిలోకి వచ్చేసరికి లియొనోరా విమానంలో ఎప్పుడో వెళ్లిపోయింది. ఆమెకు దౌత్య పాస్‌పోర్టు ఉందట. తెల్లటోపీ మనిషి ఫైలు మూసేశారు. గుండెపోటు గుండెపోటుగానే ఉండిపోయింది.

రామ్‌ధనీ తలెత్తకుండా ప్రభుత్వ గెజిట్ ఆమె ముందుకు జరిపాడు. ఎర్రకొండ డెబ్బయ్యయిదేళ్లకు కంపెనీ పరం. నేల కిందున్నదంతా సర్కారుదే కనక గ్రాన్మాన్ వేలిముద్ర అక్కర్లేదని మంత్రిగారు తేల్చారు. తారీఖు చూసింది అఫీబా. సభ జరిగిన శుక్రవారమే.

“మరి జింబా తాతను ఎందుకు చంపినట్టు?”

“అప్పటికి వాళ్ల లాయర్లకి ఆ సెక్షన్ కనబడలేదు,” అన్నాడు రామ్‌ధనీ. అంతకన్నా నీచమైన మాట ఆ గదిలో ఎన్నడూ వినబడలేదు. అది నిజం కావడమే అందుకు కారణం.

ఆయన ఒక బంగారుఅంచు కవరు తీశాడు. “గని ప్రారంభోత్సవానికి మీ తమ్ముణ్ణి పిలిచారు. రిబ్బన్ కత్తిరించాలట. ఎడ్విన్ పనికిరాడట, ఫొటోలో అసలైన వారసుడే ఉండాలట.”

అఫీబా ఆ కవరును రెండుగా మడిచి సంచిలో పెట్టుకుంది.

“తప్పకుండా వస్తాడు సార్. జనాన్నంతా వెంటబెట్టుకునే వస్తాడు. కత్తెర మాత్రం మేమే తెచ్చుకుంటాం.”