అమ్మకు వర్తించే చట్టం

వెల్దుర్తిలో ఆ పొద్దున అంజమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది. భర్త నరసింహారావు మిరపచేలో మందు కొట్టడానికి పంపు సర్దుకుంటున్నాడు. వారం రోజులుగా గొంతులో దాచుకున్న మాటను కొడుకు చైతన్య అప్పుడు బయటపెట్టాడు.

"నాన్నా, గుంటూరులో ల్యాబ్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాల. బీరువాలో నా సర్టిఫికెట్లు ఇస్తే..."

"కూలోళ్లు దొరక్క నేను చస్తంటే నీకు గుంటూరు కావాల్సొచ్చిందా?"

"నేను చదివింది అందుకే గదా."

నరసింహారావు చేతిలోని పైపు ముక్క చైతన్య చెవి మీద పడింది. రెండో దెబ్బకు అంజమ్మ అడ్డం రావడంతో ఆమె మోచెయ్యి వాచిపోయింది. ఆ ఇంట్లో దెబ్బలు కొత్త కాదు. చైతన్య చెవికి టవల్ అదుముకుని గడప దాటి మాచర్ల బస్సెక్కడమే కొత్త.

ఆసుపత్రిలో మూడు కుట్లు వేశారు. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే "జారిపడ్డా" అనబోయి ఆగాడు. "మా నాన్న కొట్టాడు" అన్నాడు. ఆమె ఆ మాటే చీటీలో రాసి, కోర్టు ఆవరణలో ఉచితంగా సలహా చెప్పే లాయరు రుక్సానా దగ్గరికి వెళ్లమంది.

"గృహహింస చట్టం ఉందంట గదా మేడమ్. నాకు పనికొస్తదా?"

"అది ఆడవాళ్ల కోసం పెట్టిన చట్టం బాబూ" అంది రుక్సానా. అతని మొహం వాడిపోవడం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నీకెన్నేళ్లు?"

"పంతొమ్మిది."

"అయితే నువ్వు మేజరువి. నిన్ను ఇంట్లో ఉండమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. నువ్వు కనపడట్లేదని ఆయన స్టేషన్‌కి పోయినా, నా ఇష్టంతోనే వచ్చానని నువ్వొక మాట చెప్తే చాలు. కొట్టడం ఎవరు చేసినా నేరమే. ఈ చీటీ పోగొట్టుకోకు, కేసు పెట్టాలంటే పనికొస్తది. సర్టిఫికెట్లు అడుగుదాం. ఇవ్వకపోతే నోటీసు పంపుదాం." కాగితం మీద రాస్తూ తలెత్తింది. "ఇంట్లో ఇంకెవర్ని కొడతాడు?"

"అమ్మని."

"అయితే ఆ చట్టం మీ అమ్మకు వర్తిస్తది. ఆమె ఇల్లు వదిలి రావాల్సిన పని కూడా లేదు."

రుక్సానా ఫోన్ చేసి భార్యాభర్తలిద్దర్నీ రమ్మంది. మొదట కసిరినా, నోటీసు మాట వినేసరికి నరసింహారావు వస్తానన్నాడు. మూడో రోజు భార్యను వెంటబెట్టుకుని రుక్సానా గదికి వచ్చాడు. అప్పటిదాకా చైతన్య మాచర్లలోనే స్నేహితుడు వెంకట సాయి గదిలో ఉన్నాడు.

"నా కొడుకుని నేను కొట్టుకుంటే కోర్టుకేం పని?" అన్నాడు నరసింహారావు, కూర్చోకుండానే. "మా నాయన నన్ను కొట్టలేదా? ఏమే, చెప్పు. ఏనాడన్నా ఊరికే కొట్టానా?"

మధ్యాహ్నపు ఎండ రేకుల గదిని కాలుస్తోంది. నుదుటి చెమట తుడుచుకుందామని నరసింహారావు చెయ్యెత్తాడు.

అంజమ్మ తల వంచుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. బల్లకు అవతల ఉన్న చైతన్య కూడా అలాగే ముడుచుకుపోయాడు.

నరసింహారావు చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "చెమట..." అన్నాడు. "చెమట తుడుచుకుందామని." అతను మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు.

అంజమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి కొడుకు ముందు పెట్టింది. "పొద్దున బీరువాలోంచి నేనే తీశా" అంది, భర్త వైపు చూడకుండా. తర్వాత రుక్సానాతో అంది: "నేను ఇల్లు వదలనమ్మా. ఆ గోడలకు నా చెమట కూడా పోశా. ఇంక నా మీద చెయ్యెత్తకుండా ఏం రాయాల్నో రాయి. సంతకం పెడతా."

రుక్సానా నరసింహారావు వైపు చూసింది. అతను అడ్డు చెప్పలేదు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని "రాయండి" అన్నాడు.

బయట మెట్ల మీద అంజమ్మ కొడుకు చెవి కట్టును వేలికొసలతో తడిమింది.

"ఎప్పుడో పోవాల్సింది గదరా. ఇన్నాళ్లు ఎందుకున్నావు?"

"నేను పోతే ఆ దెబ్బలన్నీ నీకే పడతాయని."

"నేను పుట్టింటికి పోతే అవన్నీ నీకు పడతాయని నేనూ ఉన్నారా" అంది. అక్కడే కూర్చుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చైతన్య ఆమె పక్కన కూర్చున్నాడు.

నరసింహారావు గుమ్మంలో నిలబడి ఆ మాటలు విన్నాడు. దగ్గరికి రాలేదు.

చైతన్య లేచి తండ్రి కళ్లలోకి చూశాడు. "రోజూ పొద్దున అమ్మకు ఫోన్ చేస్తా నాన్నా. అమ్మే ఎత్తాల. ఎత్తకపోతే తర్వాతి ఫోను మేడమ్‌కి."

నరసింహారావు తల ఊపాడు. తనలో తాను అనుకున్నట్టు, "ఎత్తుద్దిలే" అన్నాడు.