మువ్వలేటి మీద నాంచారి బేరం

సరుకు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, పిల్లలూ. నీళ్లు పోతే అసలు బేరమే ఉండదు. నురగలవాడ రాజ్యానికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఆ ఊరికి ఆస్తి అంటే మువ్వలేరు ఒక్కటే. కొండ మీది మడుగు నుంచి రాళ్ల మీదుగా దూకే ఆ ఏటిలో ఏటా పుట్ల పరుగు జరిగేది. గుండ్రటి తోలు పుట్టిలో కూర్చుని, గిరగిర తిరుగుతూ ఉరవడిలో దిగాలని దేశదేశాల వాళ్లు వచ్చేవారు. వాళ్లొస్తేనే పూటకూళ్ల ఇంట పొయ్యి రాజేది. అలాంటి ఏరు మతి తప్పింది. ఉదయం ఇసుక తేలేది, మధ్యాహ్నం గట్లు తెగేవి. పుట్లు బోల్తాపడ్డాయి, మడులు మునిగాయి, వలలు ఎండిపోయాయి.

ఏటి తూము కాసేది మడుగుదొర అనే గుడ్డి రాక్షసుడు. తూమును బలవంతంగా బిగించబోయిన ఓబన్న అనే పుట్టివాణ్ణి అతడు రాయిగా మార్చి ఏటి నడుమ నిలబెట్టాడు. "ఎవరూ తగవు పడని నీరు తాకినప్పుడే నీకు విడుదల" అన్నాడు. వరదకు ఆ రాయి అరిగేది, ఎండకు బీటలు వారేది. మరో వానకాలం దాటితే అన్న మిగలడని చెల్లెలు నాంచారికి అర్థమైంది. రాజు ధవళకేతు సైన్యాన్ని పంపాడు గాని, నీటి మీద కత్తి ఏం చేస్తుంది? చివరికి ఆ పిల్లే అన్న పుట్టిని నెత్తిన పెట్టుకుని కొండదారి పట్టింది.

నురగలవాడలో ఒక ఆచారం ఉంది. ఏ బేరమైనా తువ్వాలు కిందే. ఇద్దరూ చేతుల మీద గుడ్డ కప్పుకుని, వేళ్లు నొక్కి తమ మాట తెలుపుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు. గొడ్ల సంతకు అది మంచి పద్ధతే.

అడవిలో తుంబముని కనిపించాడు. నాంచారి కాళ్లకు మొక్కింది.

"స్వామీ, ఏరు నిలకడగా పారే ఉపాయం చెప్పండి."

"నేనేం చెప్పను తల్లీ! నేనూ మొన్ననే దొర దగ్గరికి వెళ్లొచ్చాను. స్నానానికి మోకాలి లోతు చాలని వేళ్లు నొక్కాను. ఎవరితో అనకు."

ఇంకా పైన, లోయ దగ్గర ముసలి నీటికుక్క దారికి అడ్డంగా పడుకుంది.

"పుట్టి ఇస్తేనే దాటనిస్తా. నా పిల్లలకు గూడు కావాలి."

"అది మా అన్నదే!"

"అయితే మీ అన్ననే వచ్చి అడగమను."

నాంచారి పళ్లు కొరుక్కుని పుట్టి దించింది. "నువ్వూ దొరను అడిగావా?"

"అడగనా మరి? చేపలు తేలేలా నీరు తగ్గించమన్నా. నాకు ముందు రోజు మీ పుట్టివాళ్లు పోటెత్తించమన్నారు. వాళ్లకు ముందు మీ రైతులు."

నాంచారి ఒక బండ మీద కూలబడింది. పుట్టి పోయింది, ఉపాయం దొరకలేదు. తానూ వెళ్లి వేళ్లు నొక్కితే గుంపులో మరో చెయ్యి అవుతుంది, అంతే. పెట్టుబడి అంతా పోయి సంత మధ్యన నిలబడ్డవాడిలా ఆమె ఏడ్చింది. అయినా వెనక్కి పోవడానికి దారి లేదు గనుక ముందుకే పోయింది.

"వచ్చావా? తువ్వాలు కప్పు, తొందరగా నొక్కు" అన్నాడు మడుగుదొర. అందరూ నొక్కీ నొక్కీ అతని అరచేతులు పుండ్లు పడి ఉన్నాయి.

"మా అన్నను విడిపించు దొరా."

"నా వల్ల కాదే పిల్లా. కోపంలో అనేశాను. ఇక ఆ నీళ్లే తీర్చాలి."

"మరి నీళ్ల విషయంలో ఎవరి మాట వింటావు?"

"చివర నొక్కినవాడిది. అడిగినవాడికి కాదనకూడదని నా ఒట్టు. గుడ్డివాణ్ణి, ఎన్ని చేతులో నాకేం తెలుసు?"

నాంచారి తువ్వాలు తీసి పక్కన పడేసింది. "అయితే నేనడిగేది ఒక్కటే. ఇకపై గుడ్డ కింద చెయ్యి పెట్టకు. అందరూ ఎదురెదురుగా నిలబడి, నోటితో చెప్పి, ఒప్పుకున్న మాటే విను. అందాకా తూము మూసెయ్యి."

తూము మూసుకుంది, ఏరు ఎండింది. పైనుంచి చూస్తే అన్న రాయి మీద బీట పెరుగుతూ కనిపించింది. ఆ ఆలోచన తనదే, ఆ కరువూ తాను తెచ్చిందే. ఎదురుచూడటం తప్ప ఆమె చేయగలిగింది లేదు.

ఊరంతా తిట్టుకుంటూ కొండెక్కింది, వెనకే రాజూ, తుంబమునీ వచ్చారు. అలవాటుగా అందరూ తువ్వాళ్లు తీశారు గాని, దొర చెయ్యి చాపకుండా ఎదురెదురుగా నిలబడి నోటితో చెప్పమన్నాడు.

"మా కాలువలు మెల్లగా తడవాలి, తెల్లారేసరికి" అన్నాడు రైతు రంగప్ప.

"ఎండెక్కాక నీకేం పని లేదుగా మావా! అప్పుడు మాకు ఉరవడిగా వదలనియ్యి. పరదేశులు అప్పటిగ్గాని నిద్ర లేవరు" అన్నాడు పుట్టి సూరయ్య.

"మీ గెంతులయ్యాక నీరు తీస్తే మా గుంటల్లో చేపలు ఆగుతాయి" అంది జాలరి పోలమ్మ.

"మరి నా స్నానం?" అన్నాడు ముని.

"తెల్లారే లేస్తారు గదా సామీ, రంగప్ప నీళ్లలోనే మునగండి!" అంది పోలమ్మ.

అందరూ నవ్వారు. రాత్రంతా మడుగు నింపి, వేకువన సన్నగా, మధ్యాహ్నం ఉధృతంగా వదిలి, సాయంత్రం తగ్గించాలని తేలింది. దొర తూము ఎత్తాడు.

నాంచారి నీటితో పందెం వేసినట్టు కిందికి పరుగెత్తింది, ఓడిపోయింది. ఆమె చేరేసరికి రాయి రెండుగా పగిలి ఉంది. ఆమె నీళ్లలోకి దిగింది. ఆ పగులు మధ్య నుంచి ఎవరో దగ్గుతూ లేచారు.

"ఏమే, ఆకలేస్తోంది" అన్నాడు ఓబన్న.

అతని ఎడమ భుజం అరిగి పల్లంగా ఉండిపోయింది. అంత తరుగు ఏ బేరంలోనైనా ఉంటుంది. రాజు మువ్వలేటి నీటి పెత్తనం నాంచారికి అప్పగించాడు. ఇప్పటికీ పుట్ల పరుగుకు ముందు ఊరంతా కొండెక్కి, దొర ఎదుట గొంతులు పోయేలా వాదించుకుంటుంది. పుండ్లు మానిన చేతులు ఒళ్లో పెట్టుకుని, అతడు ఆ గోలంతా ఇష్టంగా వింటాడు.