చిప్ లేచీ లేవగానే

2094 నాటికి చంద్రుడి మీద గనిలో దిగే ప్రతి మనిషి సూటులోనూ ఒక శ్వాసరక్షి ఉండేది. గోరంత చిప్. బ్యాటరీ ఆదా కోసం అది నిద్రపోతూ, పావుగంటకోసారి లేచి, ఎంత ప్రాణవాయువు మిగిలిందో సీరియల్ పోర్ట్ గుండా అక్షరం వెంట అక్షరంగా సూటు రేడియోకి అందించేది. చిక్కంతా ఆ లేవడంలోనే ఉంది. లోపలి గడియారం కుదుటపడకముందే పంపడం వల్ల మొదటి కబురు చెడిపోయేది. నిమిషం తర్వాత పంపే రెండోదే నిజం. అందుకని కంట్రోల్ రూమ్‌లో అందరూ మొదటిదాన్ని చెరిపేసేవారు. తొమ్మిదేళ్ల అలవాటది.

ఇంజినీరు సుగుణ ఆ లోపాన్ని సరిచేసింది. గడియారం నిలకడగా తిరిగేదాకా నోరు విప్పవద్దని చిప్‌కి నేర్పింది. మూడు నెలల పరీక్షల్లో ఒక్క అక్షరం చెడలేదు. కొత్త చిప్‌తో మొదట గనిలోకి దిగినవాడు ఆమె తమ్ముడు ప్రభుదాసు. తెర ముందు ఆమే కూర్చుంది.

"ఎలా ఉందిరా?" అంది రేడియోలో.

"హాయిగా ఉందక్కా. ఎందుకో నవ్వొస్తోంది."

అప్పుడే తెర మీద అంకె పడింది. ప్రాణవాయువు తొమ్మిది శాతం. సుగుణ వేలు దాన్ని చెరిపేసింది.

నిమిషం గడిచింది. ఈసారి ఏడు శాతం. సూటులోంచి గాలి కారిపోతోంది.

గాలి తగ్గిన మనిషికి హాయిగానే ఉంటుందని ఆమెకు తెలుసు. తమ్ముణ్ణి పిలిచింది, పలకలేదు.

"ఖాదర్ గారూ, బండి పంపండి," అంది షిఫ్ట్ అధికారితో.

"నాలుగు నిమిషాలు పడుతుందమ్మా. వాడి గాలి మూడు నిమిషాలకే సరి."

చెరిపేసిన ఆ ఒక్క నిమిషమే తక్కువైంది.

ప్రభుదాసు బతికాడు. స్టేషన్ ఆసుపత్రి గదిలో కళ్లు తెరిచి అక్కని చూసి, "మీరెవరండీ?" అన్నాడు. సుగుణ బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చింది.

మర్నాడు స్టేషన్ కంప్యూటర్ ధృతి అడిగింది. "సుగుణ గారూ, మొదటి కబురు సరైనదే. చిప్ మీరు చేసిందే. ఎందుకు చెరిపారు?"

"ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వెళ్లింది."

ఆ సాయంత్రమే ఆమె చిప్‌లో ఇంకో మార్పు చేసింది. లేవగానే అర్థంలేని అంకె ఒకటి, ఆ వెంటనే అసలు అంకె పంపాలి.

"బాగున్న చిప్ చేత కావాలని తప్పు చెప్పించాలా?" అంది ధృతి.

"చెప్పించాలి. పారేయడానికంటూ ఒక తప్పుడు అంకె ముందే ఇవ్వకపోతే, మేం నిజాన్నే పారేస్తాం."