ఉడత వెంట్రుకల కుంచె

ఆ ద్వాదశి పొద్దున ఇంట్లో నలుగురున్నారు. నిన్న ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టని అజ్జి అంబాబాయి, నందవరం బడిలో పాఠాలు చెప్పే ఆమె కొడుకు చక్రపాణి, కోడలు రమాబాయి, పదో తరగతి అయిపోయి ఇంటిపట్టున ఉన్న మనవరాలు జలజ. ఎమ్మిగనూరులో ఆ వీధికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

అజ్జి స్నానం చేసి వచ్చి, దండెం మీద ఆరిన మడిచీరను కర్రతో కిందికి లాగింది. చీరతోపాటు సన్నటిదేదో జారి ఆమె భుజం మీద పడి, నేల మీదికి దొర్లింది.

"బల్లి పడిందో ఏమో, చూడవే రమా!"

రమాబాయి దీపం తెచ్చి వంగి చూసింది. బల్లి కాదు. కొసన వెంట్రుకలున్న సన్నటి పుల్ల.

"కుంచె, అత్తా. బొమ్మలేసేది."

"దేని వెంట్రుకలే అవి?"

జలజ గడప దగ్గర నిలబడి ఉంది. అబద్ధం చెప్పడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. "ఉడతవి," అంది.

అజ్జి చేతిలోని చీర అక్కడే వదిలేసింది. ఆ మడిచీరా, దండెం మీదున్న రెండోదీ మైలపడ్డాయి. అవి మళ్లీ తడపాలి, మడినీళ్లు మళ్లీ చేదాలి, ఆ తర్వాతే వంట. వంట అయితే గానీ అజ్జికి ఉపవాసం విడిచే పారణ లేదు. రమాబాయి నడుము మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చి, చీరలు రెండూ తీసుకుని పెరట్లోకి నడిచింది. ఆ నడకే జలజకు దెబ్బలా తగిలింది.

"మడి దండెమే దొరికిందా నీకు?" అంది అజ్జి. "దేవుని పీట మీద పెట్టకపోయినావా, దానికీ హారతి ఇచ్చేవాళ్లం!"

గొడవ విని చక్రపాణి పంచె సర్దుకుంటూ వచ్చాడు. "ఆడ ఎందుకు పెట్టినావే?"

"బజారన్న చెప్పినాడు నాన్నా. కుంచె కడిగినాక ఎవరూ తాకని చోట ఆరబెట్టల్లంట. మనింట్లో ఎవరూ తాకని చోటు అదొక్కటే కదా."

చక్రపాణికి నవ్వు రాబోయింది. తల్లి ముఖం చూసి ఆపుకున్నాడు.

బజారన్న బస్టాండు దగ్గర దుకాణాలకు బోర్డులు రాసేవాడు. జలజ అతనితో ధైర్యం చేసి మాట్లాడడానికి కారణం ఒక ఉత్తరం. ఆమె ఎనిమిది పేజీల బొమ్మల కథ ఒకటి గీసి మద్రాసులోని పిల్లల పత్రికకు పంపింది. ఒక ఇల్లాలితో బావి మాట్లాడే కథ. పత్రికవాళ్లు దాన్ని తిప్పి పంపారు. కథ బాగుంది, కానీ నీలం బాల్‌పెన్ను గీత అచ్చులో సరిగా పడదు, నల్ల ఇంకుతో గీసి నెలాఖరులోగా పంపితే వేస్తామని రాశారు. బజారన్న ఆదోని నుంచి ఇంకుబుడ్డి, కుంచె తెచ్చిపెట్టాడు. ఆ రోజు బుధవారం. శనివారం టపాలో పడకపోతే ఇక ఆ కథ లేదు.

"ఇంకు నల్లగుంటే సాలంట కదా," అన్నాడు చక్రపాణి. "నా నిబ్బు కలం తీసుకో. ఉక్కుకు మైల లేదు. దీన్ని నేను అవతల పారేస్తా." కాగితం ముక్కతో కుంచెను పట్టుకుని వీధి తలుపు వైపు కదిలాడు.

"పారేయొద్దు నాన్నా!"

జలజ అంత గట్టిగా మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆమెకే భయమేసింది. గబగబా లోపలికి పోయి రెండు కాగితాలు తెచ్చింది. "నిబ్బుతోనూ గీసి చూసినా. రాలేదు. కావాలంటే చూడండి."

"చూసేదేముంది? రెండూ బొమ్మలే."

"ఇట్లియ్యి," అంది అజ్జి. "నేనెట్లాగూ మైలపడినా. మళ్లీ స్నానం చేసేదే కదా."

ఆమె దీపం దగ్గర చతికిలబడి, కాగితాలను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. రెండింటిలోనూ ఒకే బొమ్మ. చంకలో బిందెతో బావి నుంచి నడిచి వస్తున్న ఆడమనిషి. నిబ్బు గీత మొదటినుంచి చివరిదాకా ఒకే సన్నం, తీగలాగా. కుంచె గీత మెడ దగ్గర సన్నగా మొదలై, నడుము దగ్గరికి వచ్చేసరికి లావెక్కింది.

అజ్జి రెండు కాగితాలనూ పక్కపక్కన నేల మీద పరిచింది.

"ఈ మనిషి నిలబడింది," అని నిబ్బు బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత రెండోది. "ఈ మనిషి మోస్తాంది." మెల్లగా అడిగింది. "ఎవరే ఇది?"

జలజ పెరటి వైపు చూసింది. పెరట్లో గిలక కిర్రుమంటోంది. అజ్జి తల తిప్పి చూసింది. తడిసిన చీరతో రమాబాయి చేదను పైకి లాగుతోంది. మధ్యలో ఆగి, తాడును మోకాలికి అదిమిపట్టి, ఊపిరి తీసుకుని మళ్లీ లాగుతోంది. పద్దెనిమిదేళ్లుగా అజ్జి ఆ గిలక చప్పుడు వింటూనే ఉంది. లాగే మనిషిని ఎన్నడూ ఇంతసేపు చూడలేదు. కంట్లోంచి ఒక చుక్క కాగితం మీద పడబోతే అరచేత్తో అడ్డుకుంది.

"చక్రపాణీ, రెండు చెంబుల నీళ్లు తలమీద పోసుకొని పో. పోయి ఆ చేద అందుకో."

"అమ్మా, బస్సు..."

"నందవరానికి అదొక్కటేనా బస్సు? రమను కూర్చోమను."

చక్రపాణి కుంచెను గూట్లో పెట్టి వెళ్లాడు. భర్త వచ్చి చేద అందుకుంటే రమాబాయి బిత్తరపోయింది. బావి గట్టున కూర్చుని, చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి ఆ చేతులతోనే ముఖం కప్పుకుంది.

అజ్జి నేల మీద చెయ్యి ఆనించి లేచింది. "జలజా, నువ్వు బయట చేరినావు."

"లేదజ్జీ. పోయిన వారమే కదా."

"అత్తా, పాపకు ఇప్పుడు కాదు..." పెరట్లోంచి రమాబాయి గొంతు వినబడింది.

"నేను చేరిందంటే చేరినట్టే! మూడు దినాలు వీధిగదిలో కూర్చో. నిన్ను ఎవరూ ముట్టుకోరు, ఎవరూ పని చెప్పరు. ఆ ఉడతను కూడా నీ దగ్గరే పెట్టుకో."

"అబద్ధం కదా అజ్జీ? పాపం రాదా?"

"అది నేనూ నా దేవుడూ మాట్లాడుకుంటాం. నువ్వు మీ అమ్మను సరిగ్గా గియ్యి."

అజ్జి గూట్లోని కుంచెను తన చేత్తోనే తీసి ఆమె చేతిలో పెట్టింది. ఇంకుబుడ్డి, కాగితాలు పట్టుకుని జలజ వీధిగదిలోకి పోయింది. ఏదో చెప్పాలని వెనక్కి తిరిగింది. అప్పటికే అజ్జి తలుపు మూసి, బయటి నుంచి గడియ పెట్టింది.