ఐసు ఫ్యాక్టరీ మలుపులో పిలిస్తే ఆగొద్దు

ఐసు ఫ్యాక్టరీ మలుపులో ఆగినవాడు బాగుపడిన దాఖలా లేదని మా ఊరి సైకిలు బ్యాచ్‌కి గట్టి నమ్మకం. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. తలుపులు పోయాయి, కిటికీలు పోయాయి, మలుపు పొడుగునా గోడ మాత్రం మిగిలింది. తెల్లారకముందు అటు పోతుంటే వెనక నుంచి దెయ్యం పిలుస్తుందట... "ఆగండి" అని. ఆడ గొంతో మగ గొంతో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. తేల్చాలంటే ఆగాలి కదా.

బ్యాచ్‌కి పెద్ద డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం అయిపోయినా మెడలో ఈల అలాగే ఉంది. ఆయన పెట్టిన రూలు ఒక్కటే — ఆ మలుపులో ఎవరు పిలిచినా ఆగొద్దు, తొక్కండి. పంక్చరైతే ఆగుతారు, టీకి ఆగుతారు, అక్కడ మాత్రం చచ్చినా ఆగరు.

ఇదంతా నాకు చెప్పింది మా అక్క మొగుడు. కళ్లజోళ్ల షాపు ఆయనది. పదిసార్లు విన్నాను, ప్రతిసారీ ఆ రోడ్డు మీద కంకర సైజు పెరుగుతోంది. మిగతా కథ మాత్రం మారలేదు.

ఆ రోజు ఇంకా చీకటే. తొమ్మిది మంది బయల్దేరారు. బావ ఎప్పట్లాగే అందరికన్నా వెనక. మలుపులో టిప్పర్లు ఒలకబోసిన కంకర మీద ముందు చక్రం జారింది... సైకిలు ఒకవైపు, బావ ఒకవైపు. ఒళ్లంతా రోడ్డు పక్క గోతిలో, ఎడమ కాలు మాత్రం తారు మీద. భుజం దగ్గర ఎముక టప్‌మంది. ఫోను సైకిలు సంచిలో ఉండిపోయింది.

ఓపిక తెచ్చుకుని పిలిచాడు. "ఆగండి..."

అంతే! ముందున్నవాళ్లు తొక్కిన తొక్కుడు ఏ పందెంలోనూ తొక్కలేదట. బావ ఇంకా గట్టిగా పిలిచాడు. వాళ్లు ఇంకా గట్టిగా తొక్కారు. ఎర్ర లైట్లు ఒక్కొక్కటే మలుపు తిరిగి మాయమయ్యాయి.

దూరంగా లారీ మోత మొదలైంది. కాలు లాక్కోబోయాడు. రాలేదు. అప్పుడు బావకి దెయ్యం గుర్తు రాలేదు, అక్క గుర్తొచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఇప్పటికీ నవ్వడు.

మలుపు అవతల నుంచి ఒక తెల్ల వెలుగు... మెల్లగా... తన వైపే. బావ కళ్లు మూసుకున్నాడు. మెడ మీద చల్లటి చెయ్యి పడింది.

"కదలొద్దు," అంది ఎవరో చెవి దగ్గర.

నర్సమ్మ. ఆస్పత్రిలో నర్సు, బ్యాచ్‌లో ఆ రోజే కొత్తగా చేరింది. మాస్టారు ఆమెకి రూలు చెప్పడం మర్చిపోయారు. అదే బావ అదృష్టం. ఆమె అప్పటికే తన సైకిలుని రోడ్డు మధ్య నిలబెట్టి, వెనక లైటు మెరిసేలా పెట్టి వచ్చింది. లారీ హారన్ కొట్టుకుంటూ తప్పుకుని పోయింది. బావ నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, సైకిలుకేమైనా అయిందా అని. మీ భుజం సంగతి చూసుకోండి ముందు, అందామె.

పెట్రోలు బంకు దగ్గర మాస్టారు తలలు లెక్కపెడితే రెండు తగ్గాయి. ఏడుగురూ ఒకళ్లనొకళ్లు రాసుకుంటూ వెనక్కొచ్చారు. వస్తూనే ఒకడు నీళ్లు పట్టబోయాడు, ఒకడు హెల్మెట్ లాగబోయాడు, ఇద్దరు చంకల్లో చేతులు పెట్టి లేపబోయారు. ఎవరూ ముట్టుకోవద్దంది నర్సమ్మ. రోడ్డుకి రెండువైపులా ఇద్దరిని లైట్లతో నిలబెట్టింది. ఒకరిని అంబులెన్సుకి ఫోను చెయ్యమంది, ఒకరిని దానికి దారి చూపడానికి పంపింది. మాస్టారు ఈల ఊది లారీలని ఆపారు. సర్వీసు మొత్తంలో ఆ ఈల అంతగా పనికొచ్చింది లేదని ఆయనే అన్నారట.

ఆస్పత్రిలో బావకి కట్టు కడుతుంటే, బ్యాచ్‌లోని లైన్‌మన్ చొక్కా చెయ్యి మడిచి మోచేతి మీద కుట్ల మచ్చ చూపించాడు. రెండేళ్ల కింద ఆ మలుపులో పడి పిలిచింది తనేనట. పరువు పోతుందని బాత్రూంలో జారానని చెప్పాడట. మాస్టారు తల దించుకున్నారు.

"మరి తెలిసినవాడివి, ఇవాళ నువ్వెందుకు ఆగలేదురా?" అన్నాడు బావ.

లైన్‌మన్ గొంతు తగ్గించాడు. "నేను పడింది ఒక్కసారే అన్నా... మిగతాసార్లు పిలిచిందెవరు?"



"ఎవరైతేనేం," అంది నర్సమ్మ. "ఆగి అడిగారా ఎప్పుడైనా?"

అప్పట్నుంచి రూలు మారింది. పిలుపు వినిపిస్తే అందరూ ఆగాలి. మొన్న, బావ చెయ్యి బాగై మళ్లీ సైకిలెక్కిన రోజు, వినిపించింది. తొమ్మిది మందీ ఆగారు. రెండువైపులా లైట్లు పెట్టారు. గోతిలోకి టార్చి కొట్టారు... ఎవరూ లేరు.

బావ గోడ వైపు తిరిగి అడిగాడు. "దెబ్బ తగిలిందా?"

 గోడ అవతల నుంచి, నీరసంగా...

"ఇన్నాళ్లకు అడిగారా..."

మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు గానీ ఊపిరి రాలేదట. అయినా ఎవరూ పెడలు మీద కాలు పెట్టలేదు. నర్సమ్మ మందుల సంచి భుజాన వేసుకుని, ఎవరైనా నన్ను కాస్త ఈ గోడ ఎక్కించండి, అంది.