పెళ్ళి వెన్న

ఆదివారం పొద్దున్నే నజ్వా ఓవెన్‌లో పిండిపొరల మధ్య కోడిమాంసం కూరిన పన్నెండు పైలు పొంగుతున్నాయి. లోపలి బాదం, దాల్చినచెక్క, ఊరవేసిన నిమ్మకాయ అమ్మ వైపువి. పైన పొరలు పొరలుగా లేచే పిండి భర్త యోస్ట్ వైపుది. నెలకో ఆదివారం ఆ వీధిలో ఒకరు వండి మిగతావాళ్ళకు పంచడం అలవాటు. ఈసారి వంతు నజ్వాది. పదకొండయ్యేసరికి బెల్జియంలో గెంట్ ఊరి ఆ సన్నటి వీధి సగం ఆమె గుమ్మంలోనే ఉంటుంది.

తల్లి రఖియాకు ఈ కలగలుపు వంట గిట్టదు. భర్త పోయాక ఆంట్‌వెర్ప్‌లో ఇల్లు ఖాళీ చేసి, మొన్న చలికాలంలోనే కూతురి దగ్గరికి వచ్చింది. వచ్చిన రోజునుంచీ ఏది వండినా ఓ వంక.

"అటు వాళ్ళదీ కాదు, ఇటు మనదీ కాదు. దీన్నేమంటారే?" అని నిన్న కూడా దెప్పింది.

"తిండి అంటారమ్మా. నచ్చితే తిను."

"ఆస్పత్రి తిండి! నీ వెన్నకు వాసనుంటే కదా! కింద జాడీలో నేను తెచ్చిన నిలవ వెన్నుంది, కాస్త వేసి చూడు."

ఉప్పు కలిపి నెలల తరబడి మాగబెట్టే వెన్న అది. మూత తీస్తే ముక్కు మూసుకోవాలి, వంటలో పడితే మాత్రం ఇంకో ముద్ద కావాలనిపిస్తుంది. ఎప్పుడూ అమ్మ మాట వినని నజ్వా ఈ ఒక్కసారికి విన్నది. ఆ వినడమే కొంప ముంచింది.

ఇప్పుడు చేతికర్ర ఆనుకుంటూ మేడ దిగుతున్న రఖియా ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. గాలి గట్టిగా పీల్చింది.

"ఏ జాడీ తీశావే?"

"నువ్వు చెప్పిందే. సెల్లార్‌లోది."

"అక్కడ రెండున్నాయి."

"చిన్నది తీశా. మూతికేదో పాత ఆకుపచ్చ గుడ్డ ముడేసి ఉంటే కత్తిరించి పారేశా. అబ్బ, ఏం ఘాటమ్మా! దాదాపు అంతా పట్టేసింది."

రఖియా ఆ మెట్టు మీదే కూలబడింది. "అది నీ పొత్తిగుడ్డే" అంది మెల్లగా.

వాళ్ళ ఊరు మొరాకోలో ఔజ్దా దగ్గర పల్లె. ఆడపిల్ల పుట్టిన రోజున వెన్న మాగేసి, మూతికి ఆ పిల్ల పొత్తిగుడ్డ ముడేసి దాస్తారు. పెళ్ళి వంటలోనే మళ్ళీ తీస్తారు. ముడి ఉన్న జాడీని అక్కడి ఏ ఇల్లాలూ ముట్టదు. ఆంట్‌వెర్ప్ బడుల్లో చదువుకున్న నజ్వాకు ఆ సంగతి ఎవరు చెప్పారు గనక?

"ముప్పయ్యారేళ్ళు దాచాను! కారులో మూడు రోజులు, ఓడలో ఒక పూట, ఒళ్ళోంచి దించకుండా తెచ్చాను. నువ్వు దాన్ని ఆ పక్కింటి మార్లీన్‌కీ, దాని కుక్కకీ పెడతావా!"

"నాకేం తెలుసు? ఎప్పుడైనా చెప్పావా?" నజ్వా చేతిలోని వంటగుడ్డ విసిరికొట్టింది. "అయినా ఎవరి పెళ్ళికి దాచావమ్మా? నా పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. నువ్వు రాలేదు! నాన్న వద్దన్నారని ఫోన్ పెట్టేశావు. యోస్ట్ వైపు నలభై మంది. నా వైపు నాలుగు ఖాళీ కుర్చీలు. చివరికి వాళ్ళ కోట్లు తెచ్చి ఆ కుర్చీల్లో పడేసుకున్నారు!"

కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడిపోయిన యోస్ట్ నోరు విప్పాడు.

"నజ్వా, అత్తయ్య ఆ రోజు వచ్చింది."

"నువ్వూరుకో అబ్బాయ్! ఒట్టేశావు నాకు" అంది రఖియా.

"ఇక ఊరుకోలేనత్తయ్యా." భార్య వైపు తిరిగాడు. "మన పెళ్ళయిన టౌన్‌హాల్ ఎదురుగా ట్రామ్ స్టాప్‌లో ఒకావిడ, మూతికి ఆకుపచ్చ గుడ్డ కట్టిన జాడీని తువ్వాల్లో పట్టుకుని నిలబడింది. ఎవరో తెలీలేదప్పుడు. మొన్న పెట్టెలు దింపుతుంటే ఆ జాడీ చూసి గుర్తుపట్టాను. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

నజ్వాకు భర్త మీద మండింది, తల్లి మీద మండింది, ఎవరిని ముందు తిట్టాలో తెలియలేదు.

"ఎందుకు లోపలికి రాలేదమ్మా?"

"పంటి డాక్టర్ దగ్గరికని మీ నాన్నకు చెప్పి రైలెక్కాను. వచ్చేసరికి మీరు మెట్లు దిగుతున్నారు. నవ్వుతున్నావు. ఒక్కసారి ఇటు తిరిగి చూస్తే రోడ్డు దాటి వచ్చేదాన్నే. నువ్వు చూడలేదు. నేను అక్కర్లేదనుకున్నాను."

"లోపలున్నంతసేపూ తలుపు వైపే చూశానమ్మా!" అంది నజ్వా. "సంతకం పెడుతూ కూడా చూశాను. బయటికొచ్చాక, ఇక చచ్చినా చూడకూడదనుకున్నాను."

ఒక రోడ్డు వెడల్పు దూరంలో నిలబడి, ఒకరికొకరు అక్కర్లేదనుకుని తొమ్మిదేళ్ళు పోగొట్టుకున్నారు తల్లీకూతుళ్ళు. అందులో ఏడేళ్ళు నజ్వా తండ్రి బతికే ఉన్నాడు. ఆయన్నైనా నిలదీసి అడిగే వీలు ఇప్పుడు లేదు.

గుమ్మంలో గంట మోగింది.

"పంపించేస్తాను. ఎవరికీ పెట్టను" అంది నజ్వా కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకు పెట్టవు? పెళ్ళి వంట నలుగురూ తినకపోతే మనమే మింగుతామా?" రఖియా కర్ర పట్టుకుని లేచింది. సింకు దగ్గర మొహం కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని, తలుపు తానే తీసింది.

ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పై పెట్టింది. అక్కడి డచ్చి భాషలో తనకు వచ్చిన నాలుగు ముక్కల్లో అందరికీ ఒకటే మాట చెప్పింది, నా కూతురి పెళ్ళి అని. మార్లీన్ తెల్లబోయి, యోస్ట్ వైపు అనుమానంగా చూసి, "ఎప్పుడు?" అంది.

"ఇవాళే" అంది రఖియా. కుక్కకు కూడా ఓ అంచు విరిచి పెట్టింది.

చివరికి ఒక్క పై మిగిలింది. దాన్ని రెండుగా విరిచి కూతురికీ అల్లుడికీ పెట్టింది. తనకు లేదు. నజ్వా చెత్తబుట్టలోంచి ఆకుపచ్చ ముక్క ఏరి, పిండి దులిపి, బల్ల మీద పరిచింది. తర్వాత జాడీ లోపలి గోడలను రొట్టెముక్కతో నాలుగువైపులా తుడిచి, తల్లి నోట్లో పెట్టింది. రఖియా చాలాసేపు నమిలింది.

"ఎలా ఉందమ్మా?"

"చేదెక్కింది" అంది రఖియా, కూతురి చెయ్యి వదలకుండా. "తొమ్మిదేళ్ళ కిందటే తీయాల్సింది."